త్రీనాట్‌త్రీ వెనకాల పావు మిల్లీమీటర్: మన్యం తుపాకుల నుంచి ఎన్‌సీసీ రైఫిల్ దాకా

ఉప్పాడ నుంచి మాట్లాడుతున్నాను. ఈ ఎపిసోడ్ తుపాకుల గురించి. అయితే తుపాకీ ఎలా కాల్చాలో చెప్పే ఎపిసోడ్ కాదు ఇది. ఒక పాత మిలిటరీ రైఫిల్ ఎదుటివాడికంటే పట్టుకున్నవాడికే ఎప్పుడు ప్రమాదం అవుతుంది, ఆ సంగతి ఎలా కనిపెడతారు, దీనికీ మన మన్యం చరిత్రకీ లింక్ ఏంటి, ఇదీ టాపిక్. ఆఖర్లో మీ ఇంట్లోనో, మీ తాతగారి అటక మీదో పాత తుపాకీ కనబడితే ఏం చెయ్యాలో కూడా చెప్తాను. అది మాత్రం స్కిప్ చెయ్యకండి.

ముందు ఒక రసీదుతో మొదలుపెడదాం.

రసీదు రాసి తీసుకెళ్ళిన తుపాకులు

1922 ఆగస్టు 22. అల్లూరి సీతారామరాజు గారు సుమారు మూడు వందల మందితో చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. మరుసటి రోజు కృష్ణదేవిపేట. ఆ మరుసటి రోజు, 24న, రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు.

చింతపల్లిలో 11 తుపాకులు, 1390 తూటాలు, 14 బాయొనెట్లు, 5 కత్తులు దొరికాయి. కృష్ణదేవిపేటలో 7 తుపాకులు. రాజవొమ్మంగిలో 8 తుపాకులు, 825 తూటాలు. మొత్తం కలిపితే 26 తుపాకులు, రెండున్నర వేల పైచిలుకు తూటాలు. ఏమేం పట్టుకెళ్ళారో స్టేషన్ రికార్డు పుస్తకంలో వివరంగా రాసి, కింద సంతకం పెట్టి మరీ వెళ్ళారు. అందుకే వందేళ్ళ తర్వాత కూడా మనం ఇంత కచ్చితంగా లెక్క చెప్పుకోగలుగుతున్నాం.

ఆ ఊళ్ళు మనకి దూరం ఏం కాదు. ఉప్పాడ నుంచి పిఠాపురం మీదుగా ఏలేశ్వరం, అడ్డతీగల దాటితే రాజవొమ్మంగి. ఇక్కడ సముద్రం, అక్కడ కొండలు, మధ్యలో ఒక పూట ప్రయాణం. 1923 ఏప్రిల్‌లో ఆయన మన పక్కనున్న అన్నవరం దాకా వచ్చి వెళ్ళారు కూడా.

ఇప్పుడు మీరే లెక్క వెయ్యండి. 2500ని 26తో భాగిస్తే తుపాకీకి వంద తూటాలు కూడా రావు. ట్రిపుల్ ఆర్ సినిమా గుర్తుందా? అందులో రామరాజు పాత్ర ఊరి జనానికి తుపాకులు చేర్చాలనే పోలీసుల్లో చేరతాడు. తుపాకీ చేతికొస్తే చాలు, పోరాటం గెలిచినట్టే అన్న ఫీలింగ్ మనకి అక్కడ వచ్చేస్తుంది. నిజం చరిత్రలో కష్టం తుపాకీ దొరికిన మర్నాటి నుంచి మొదలవుతుంది. ఎందుకో తెలియాలంటే తుపాకీ లోపలికి వెళ్ళాలి.

తెల్లోడికి రైఫిల్, మనోడికి మస్కెట్

1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ వాళ్ళు ఒక పాఠం నేర్చుకున్నారు. ఇండియన్ సిపాయి చేతిలో ఉండే ఆయుధం, బ్రిటిష్ సోల్జర్ చేతిలో ఉండేదానికంటే ఎప్పుడూ ఒక మెట్టు కింద ఉండాలి.

రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటి వల్ల గుండు బొంగరంలా గిర్రున తిరుగుతూ తిన్నగా, చాలా దూరం వెళ్తుంది. ఆ గాడులు లేని నున్నటి గొట్టం అయితే మస్కెట్. వంద గజాలు దాటితే అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. 1857 తర్వాత చూడ్డానికి ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌లాగే ఉండి, లోపల గాడులు లేని తుపాకుల్ని ఇండియన్ పటాలాల కోసం ప్రత్యేకంగా తయారు చేశారు. బయట కొత్త ఫోన్ బాడీ, లోపల పాత ప్రాసెసర్ అన్నమాట.

పోలీసుల విషయంలో ఇదింకా ముదిరింది. తర్వాతి కాలంలో సైన్యం వాడే త్రీనాట్‌త్రీ రైఫిళ్ళనే బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో మార్చారు. గొట్టాన్ని పెద్దది చేసి, గాడులు తీసేసి, పాయింట్ 410 మస్కెట్‌గా చేశారు. మ్యాగజైన్‌లో చెక్క ముక్క బిగించారు. పది తూటాలు పట్టే తుపాకీ, ఒక్కో తూటా పెట్టుకుని కాల్చే తుపాకీ అయిపోయింది. దానికి వేరే తూటా. సైన్యం తూటా దీనికి పనికిరాదు, దీని తూటా సైన్యానికి పనికిరాదు. ఎవరైనా స్టేషన్ మీద పడి తుపాకులు ఎత్తుకెళ్ళినా, తూటాల కోసం మళ్ళీ పోలీసు గోడౌన్ మీదే ఆధారపడాలి.

దీనికి తోడు 1878 ఆయుధాల చట్టం. లైసెన్స్ లేకుండా ఇండియన్ తుపాకీ పెట్టుకోకూడదు. ఆ చట్టం వచ్చిన మరుసటి ఏడాదే, 1879లో, మొదటి రంప ఫితూరీ లేచింది.

కుక్కర్ మూత కథ

ఇక త్రీనాట్‌త్రీ దగ్గరికి వద్దాం. దాని అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. బోల్ట్ డిజైన్ చేసిన ఆయన జేమ్స్ పారిస్ లీ, తయారైన చోటు లండన్ దగ్గర ఎన్‌ఫీల్డ్. మన బుల్లెట్ బండి పేరులోని ఎన్‌ఫీల్డ్ కూడా అదే. ఆ ఆయుధ ఫ్యాక్టరీకి విడిభాగాలు సప్లై చేసిన కంపెనీ ఆ పేరు పెట్టుకుంది. బండి లోగోలో ఫిరంగి బొమ్మ ఊరికే లేదండి.

త్రీనాట్‌త్రీ అంటే గొట్టం లోపలి వ్యాసం అంగుళంలో వెయ్యికి 303 వంతులు, అంటే సుమారు 7.7 మిల్లీమీటర్లు.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ముందు గుండు, వెనకాల ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున చిన్న నిప్పు బిళ్ళ. ట్రిగ్గర్ నొక్కితే ఫైరింగ్ పిన్ వెళ్ళి ఆ బిళ్ళని కొడుతుంది, మందు అంటుకుంటుంది, గ్యాస్ పుడుతుంది. ఆ గ్యాస్ గుండుని ముందుకి తోస్తుంది. కానీ గ్యాస్‌కి ముందు, వెనక అని తేడా తెలియదు కదా. అదే బలంతో వెనక్కీ తోస్తుంది. వెనకాల ఉన్నది మీ మొహం.

మధ్యలో అడ్డంగా ఉన్నది బోల్ట్. గడియ లాంటి ఉక్కు కడ్డీ అనుకోండి.

ఒత్తిడి ఎంతో చెప్తాను. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసేటప్పుడు లోపల చదరపు అంగుళానికి సుమారు 15 పౌండ్ల ఒత్తిడి ఉంటుంది. త్రీనాట్‌త్రీ ఛాంబర్‌లో ఆ ఒక్క క్షణంలో అది 45 వేలు దాటుతుంది. అంటే మూడు వేల కుక్కర్లు ఒకేసారి. కుక్కర్ గాస్కెట్ కొంచెం వదులైతేనే పప్పు సీలింగ్‌కి అంటుకుంటుంది. ఇక్కడ వదులైతే ఏమవుతుందో ఊహించుకోండి.

ఆ వదులు పేరే హెడ్‌స్పేస్. బోల్ట్ పూర్తిగా మూసుకున్నాక, బోల్ట్ ముఖానికీ, ఛాంబర్‌లో తూటా ఆనుకునే చోటుకీ మధ్య ఉండే ఖాళీ. త్రీనాట్‌త్రీ తూటా అడుగున ఒక అంచు ఉంటుంది, గిన్నె అంచులాగా. ఆ అంచే ఛాంబర్ వెనక మూతికి ఆనుకుంటుంది. కాబట్టి ఆ అంచు మందం ఎంతో, దాని కోసం ఉన్న ఖాళీ ఎంతో, ఆ రెండూ సరిపోవాలి.

ఖాళీ తక్కువైతే బోల్ట్ మూసుకోదు. అది మనకి వెంటనే తెలిసిపోతుంది. ఖాళీ ఎక్కువైతే బోల్ట్ హాయిగా మూసుకుంటుంది. తుపాకీ పేలుతుంది కూడా. కానీ పేలిన క్షణంలో ఇత్తడి గొట్టం ముందు భాగం ఛాంబర్ గోడలకి అతుక్కుపోతుంది, అడుగు భాగం మాత్రం ఆ ఖాళీలోకి వెనక్కి జరుగుతుంది. మధ్యలో ఇత్తడి సాగుతుంది. ఎక్కువ సాగితే తెగుతుంది. తెగిందంటే ఆ వేడి గ్యాస్, ఇత్తడి తునకలు బోల్ట్ పక్కల నుంచి కంటి వైపు వస్తాయి.

ఒకసారి కాల్చిన ఖాళీ తూటాలో అడుగు అంచుకి కాస్త పైన, చుట్టూ మెరిసే సన్నటి గీత కనబడితే, ఆర్మరర్లు దాన్ని వార్నింగ్‌గా తీసుకుంటారు. ఇత్తడి అక్కడ పలచబడిందని అర్థం.

ఇక్కడో చిన్న విషయం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బురద పట్టిన తూటా కూడా లోపలికి వెళ్ళాలని ఈ రైఫిళ్ళ ఛాంబర్లు కాస్త వదులుగానే చేశారు. అందుకే హెడ్‌స్పేస్ సరిగ్గా ఉన్న త్రీనాట్‌త్రీలో కూడా ఇత్తడి కొంచెం సాగుతుంది. సైన్యానికి పర్వాలేదు, తూటా ఒక్కసారి కాల్చి పారేస్తారు. అదే ఖాళీ గొట్టంలో మళ్ళీ మళ్ళీ మందు నింపి వాడేవాళ్ళకే అసలు గండం.

ఆర్మరర్ చేతిలో బిళ్ళ

మరి ఈ ఖాళీని ఎలా కొలుస్తారు? బైక్ మెకానిక్ ట్యాపెట్ సెట్టింగ్ చేసేటప్పుడు ఫీలర్ గేజ్ పెడతాడు చూశారా? ఇదీ దాదాపు అదే పద్ధతి. కచ్చితమైన మందంతో గట్టి ఉక్కు బిళ్ళలు ఉంటాయి. రైఫిల్‌లో తూటా లేదని ఒకటికి రెండుసార్లు చూశాక, తూటా బదులు ఆ బిళ్ళ పెట్టి, బోల్ట్‌ని వేలితో మెల్లగా మూస్తారు. బలం పెట్టకూడదు.

మొదటి బిళ్ళ మందం అంగుళంలో వెయ్యికి 64 వంతులు. దాని మీద బోల్ట్ మూసుకోవాలి. రెండోది 74 వంతులు. దాని మీద బోల్ట్ మూసుకోకూడదు. మూసుకుందంటే ఆ రైఫిల్ పక్కకి వెళ్ళిపోవాలి.

64కీ 74కీ తేడా ఎంత? అంగుళంలో వందో వంతు. మిల్లీమీటర్లలో చెప్తే పావు మిల్లీమీటర్. జిరాక్స్ కాగితాలు రెండున్నర పేర్చితే ఎంత మందమో అంత. మీ ఏటీఎం కార్డు మందంలో మూడో వంతు. మంచి రైఫిల్‌కీ, పక్కన పెట్టాల్సిన రైఫిల్‌కీ మధ్య ఉన్నది అంతే. కంటికి కనబడదు, చేత్తో ఊపితే తెలియదు. మా ఊరి జాందానీ మగ్గం మీద ఒక పోగు తప్పితే నేసేవాళ్ళ కన్ను పట్టేస్తుంది. ఇక్కడ ఎంత అనుభవం ఉన్న కన్నైనా సరిపోదు, గేజ్ కావాలి. ఇంటర్నెట్‌లో కొందరు టేపు ముక్కలు అంటించి కొలిచేస్తున్నారు. టేపు నలుగుతుంది, మందం మారిపోతుంది. దాన్ని నమ్మి మొహం పెట్టలేం.

మరి ఖాళీ ఎందుకు పెరుగుతుంది? ఒకటి, అరుగుదల. వేల తూటాలు కాలిస్తే బోల్ట్ ముఖం, గడియ పడే చోట్లు నొక్కుకుపోతాయి. రెండోది ఎక్కువ కనిపించేది, బోల్ట్ మారిపోవడం.

లీ ఎన్‌ఫీల్డ్‌లో ప్రతి బోల్ట్‌ని దాని రైఫిల్‌కే సరిపెట్టి బిగించేవాళ్ళు. అందుకే బోల్ట్ మీదా, రైఫిల్ బాడీ మీదా ఒకే సీరియల్ నెంబర్ కొడతారు. బోల్ట్ చివర తల విడిగా ఊడివస్తుంది. తర్వాత వచ్చిన నెంబర్ 4 మోడల్‌లో ఆ తలలు 0, 1, 2, 3 అని నాలుగు సైజుల్లో ఉండేవి. ఖాళీ పెరిగితే పై సైజు తల పెట్టి సరిచేసేవాళ్ళు. మన దేశంలో ఎక్కువగా వాడిన పాత మోడల్‌కి ఆ నెంబర్లు లేవు. ఆర్మరర్ ఒక్కోటీ పెట్టి చూసి సరిపోయేది ఎంచుకోవాల్సిందే.

ఇప్పుడు ఊహించండి. ఇరవై రైఫిళ్ళు ఒక టేబుల్ మీద విప్పి, తుడిచి, బోల్టులన్నీ ఒక గోనెసంచిలో వేశారు. మళ్ళీ బిగించేటప్పుడు ఏది చేతికొస్తే అది పెట్టారు. అన్నీ పడతాయి, అన్నీ కదులుతాయి, అన్నీ క్లిక్‌మంటాయి. నాలాంటి సాఫ్ట్‌వేర్ వాడికి ఇది బాగా తెలిసిన జబ్బు: వెర్షన్ మిస్‌మ్యాచ్. కంపైల్ అవుతుంది, రన్ అవుతుంది, ఏదో ఒక రోజు పేలుతుంది. అక్కడ సర్వర్ పడుతుంది. ఇక్కడ కన్ను పోతుంది. పాత రైఫిల్ చేతిలోకి తీసుకోగానే ఆర్మరర్ ముందు సీరియల్ నెంబర్లు చూసేది అందుకే. నెంబర్లు కలిసినా గేజ్ పెడతాడు, కలవకపోతే తప్పకుండా పెడతాడు.

గేజ్ పాసైనా చాలదు

హెడ్‌స్పేస్ సరిపోతే సేఫ్ అనుకుంటున్నారా? అమెరికాలో జరిగింది వినండి.

అమెరికా సైన్యానికి 1903 మోడల్ స్ప్రింగ్‌ఫీల్డ్ అనే రైఫిల్ ఉండేది. చాలా మంచి పేరున్న తుపాకీ. 1917లో కొన్నింటి బాడీలు కాల్చేటప్పుడు పగిలిపోయాయి. వంగలేదు, సాగలేదు, గాజులా పగిలాయి. ఎంక్వైరీ చేస్తే ఏం తేలిందంటే, ఫ్యాక్టరీలో ఉక్కుని ఎంత వేడి చెయ్యాలో పనివాళ్ళు దాని రంగు కంటితో చూసి అంచనా వేసేవాళ్ళు. మబ్బు పట్టిన రోజు ఎర్రటి ఉక్కు బాగా వెలుగుతుంది. ఎండ రోజు అదే వేడిలో మసకగా కనిపిస్తుంది. ఇంకా వేడెక్కలేదనుకుని ఇంకా కాల్చేవాళ్ళు. కంటికి ఒకేలా కనిపించే రెండు ముక్కల మధ్య 300 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా తేడా వచ్చింది. అంత మాడిన ఉక్కు పెళుసు అయిపోయింది.

1918లో పద్ధతి మార్చారు. కానీ అప్పటికే లక్షల రైఫిళ్ళు తయారైపోయాయి. చివరికి సీరియల్ నెంబర్ ఒక్కటే గుర్తు. స్ప్రింగ్‌ఫీల్డ్ ఫ్యాక్టరీవి 8,00,000 లోపు, రాక్ ఐలాండ్ ఫ్యాక్టరీవి 2,85,507 లోపు అయితే అనుమానించాలి. వాటిలో చాలా వాటికి హెడ్‌స్పేస్ నిక్షేపంగా ఉంటుంది. గేజ్ ఖాళీని కొలుస్తుంది, ఉక్కు గుణాన్ని కొలవలేదు. దాని చరిత్ర తెలిస్తేనే దాని గుణం తెలుస్తుంది.

తుపాకీ చూసే ఆర్మరర్ పుస్తకం కూడా చూస్తాడు. ఏ ఏడాది తయారైంది, ఎక్కడ వాడారు, ఎన్నిసార్లు రిపేరుకి వచ్చింది అని. మన ఇషాపూర్ రైఫిళ్ళలో కొన్నింటికి గొట్టం చుట్టూ రాగి తీగ చుట్టి ఉంటుంది. చూడ్డానికి డెకరేషన్‌లా ఉంటుంది. నిజానికి అవి గ్రెనేడ్లు విసరడానికి వాడినవి. ఆ దెబ్బకి గొట్టం పగిలినా ముక్కలు ఎగరకుండా ఆ తీగ. అలాంటి తుపాకీ ఎన్ని దెబ్బలు తిన్నదో తెలియకుండా అందులో మామూలు తూటా పెట్టాలని ఏ ఆర్మరర్ చెప్పడు.

మళ్ళీ మన్యంలోకి

ఇప్పుడు 26 తుపాకుల దగ్గరికి తిరిగి వెళ్దాం. రాజు గారి దళానికి దొరికింది తుపాకులు. దొరకనిది తుపాకీ వెనకాల ఉండే ఏర్పాటు. అంటే ఆ తుపాకీకే సరిపోయే తూటాల సప్లై, అరిగిన భాగం మార్చే ఆర్మరర్, గేజ్, స్పేర్ బోల్ట్, వానాకాలంలో తుప్పు పట్టకుండా నూనె, పొడి గది.

వానాకాలం అని ఎందుకన్నానంటే, ఆ రోజుల తూటాల నిప్పు బిళ్ళలో ఒక రకం రసాయన ఉప్పు ఉండేది. కాల్చిన ప్రతిసారీ గొట్టం లోపల ఉప్పు పొర మిగులుతుంది. అది గాలిలో తేమని పీల్చుకుని ఇనుముని తినేస్తుంది. ఉప్పాడ వాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. మా కిటికీ ఊచలకి ఏటా పెయింట్ వేసినా ఉప్పు గాలికి నిలవవు. బ్రిటిష్ సోల్జర్లు కాల్పులయ్యాక గొట్టంలో మరిగే నీళ్ళు పోసి ఆ ఉప్పు కడిగేవాళ్ళు, తర్వాత నూనె పట్టించేవాళ్ళు. ఆగస్టు, సెప్టెంబర్ వానల్లో, మన్యం అడవిలో, రోజుకో చోటికి నడుస్తూ పోయే దళానికి అది ఎంత కష్టమో ఆలోచించండి.

అయినా ఆ తుపాకులతోనే 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారుల్ని దెబ్బ తీశారు. ముందు నడిచే మనవాళ్ళైన పోలీసుల్ని పోనిచ్చి, వెనకాల వస్తున్న అధికారుల్ని కొట్టారు. తూటాలు లెక్కగా ఉన్నవాడు కాల్చే పద్ధతి అది. ఒక్కటీ వృథా కాకూడదు.

ఆ తర్వాత ప్రభుత్వం కూడా పాఠం నేర్చుకుంది. అక్టోబర్ 15న అడ్డతీగల స్టేషన్‌కి వెళ్తే ఆయుధాలు దొరకలేదు. రంపచోడవరంలోనూ అంతే. తుపాకీని కాపాడుకోవడం కుదరకపోతే, అది అక్కడ లేకుండా చేస్తే చాలు. రాజు గారి వైపు కొత్త తుపాకులు రాలేదు, కొత్త తూటాలు రాలేదు. అవతలివైపు మలబార్ స్పెషల్ పోలీస్ దిగింది, 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది. వాళ్ళ వెనక ఫ్యాక్టరీ ఉంది, రైలు ఉంది, గోడౌన్ ఉంది. 1924 మే 7న రాజు గారిని పట్టుకుని కాల్చి చంపారు.

ధైర్యంలో మన్యం తక్కువేం కాదు. గాం గంటం దొర, గాం మల్లు దొర లాంటి వాళ్ళ తెగువకి రికార్డే సాక్ష్యం. కానీ తుపాకీ అనేది ఒంటరిగా పనిచేసే వస్తువు కాదు. విల్లయితే విరిగితే అడవిలోనే ఇంకోటి చేసుకోవచ్చు. రైఫిల్‌కి ఒక దేశమంత ఏర్పాటు వెనక ఉండాలి. ఆ ఏర్పాటు నుంచి విడిపోయిన రోజు నుంచి అది అరుగుతూ, తుప్పు పడుతూ, పట్టుకున్నవాడి మీదకే తిరిగే వస్తువు అవుతుంది.

రిటైరైన త్రీనాట్‌త్రీలు ఎక్కడికెళ్ళాయి?

1962 చైనా యుద్ధంలో కూడా మన జవాన్ల చేతిలో త్రీనాట్‌త్రీలే. ఆ తర్వాత సైన్యానికి ఎస్‌ఎల్‌ఆర్ వచ్చింది. పాతవి పోలీసులకి, హోంగార్డులకి, ఎన్‌సీసీకి వెళ్ళాయి. 2008 ముంబై దాడిలో సీఎస్‌టీ స్టేషన్ దగ్గర ఏకే 47లకి ఎదురుగా మన పోలీసుల చేతిలో ఉన్నవి ఇలాంటి పాత తుపాకులే. ఉత్తరప్రదేశ్ పోలీసులు 2020 జనవరి 26 పరేడ్‌లో త్రీనాట్‌త్రీకి వీడ్కోలు చెప్పారు. ఒక డిజైన్ వందేళ్ళకి పైగా డ్యూటీ చేసింది.

మీలో ఎన్‌సీసీ చేసినవాళ్ళు ఉంటారు. డ్రిల్ కోసం ఇచ్చిన రైఫిల్ మీద డీపీ అని రాసి ఉండటం గమనించారా? వాట్సాప్ డీపీ కాదు, డ్రిల్ పర్పస్. కవాతుకి మాత్రమే అని. అది కాల్చడానికి పనికిరాదని తేల్చేసిన రైఫిల్. చాలావాటికి ఫైరింగ్ పిన్ కోసేసి, ఛాంబర్‌కి రంధ్రం పెట్టి ఉంటారు. బయట పాలిష్ మాత్రం అద్దంలా మెరుస్తుంది, కేడెట్లు రోజూ తుడుస్తారు కదా. పాత రైఫిల్ విషయంలో మెరుపుకీ సేఫ్టీకీ ఏ సంబంధం లేదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు.

ఇంకో జంట ఉంది. 1962 తర్వాత ఇషాపూర్‌లో త్రీనాట్‌త్రీ ఆకారంలోనే 7.62 మిల్లీమీటర్ల తూటాకి వేరే రైఫిల్ చేశారు, పేరు 2ఏ, తర్వాత 2ఏ1. ఉక్కు వేరు, తూటా వేరు, గేజ్ కూడా వేరు. మ్యాగజైన్ పెట్టె కాస్త చతురస్రంగా ఉంటుంది. దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని కొలతలు ఇంకోదానికి పెట్టకూడదు.

ఈ ఇషాపూర్ రైఫిళ్ళు సర్‌ప్లస్ కింద అమెరికా మార్కెట్‌కి కూడా వెళ్ళాయి. అక్కడున్న మన తెలుగు ఫ్రెండ్స్‌కి ఒక మాట. అక్కడ చట్టప్రకారం కొనుక్కోవచ్చు, వీకెండ్ రేంజ్‌కి వెళ్ళొచ్చు. మన దేశంలో తయారైంది అన్న మురిపెం కూడా ఉంటుంది. కానీ మొదటి తూటాకి ముందు క్వాలిఫైడ్ గన్‌స్మిత్‌కి చూపించండి. హెడ్‌స్పేస్, బోల్ట్ గడియలు, గొట్టం, ఫైరింగ్ పిన్ అన్నీ చూసి చెప్తాడు. డీపీ గుర్తు చెరిపేసి అమ్మినవి కూడా ఉంటాయి. రిపేరు ఖర్చు ఎక్కువనిపిస్తే గోడకి తగిలించుకోండి, అందంగానే ఉంటుంది. పాత తూటాలతో ఇంకో జాగ్రత్త కావాలి. ట్రిగ్గర్ నొక్కాక పేలకపోతే వెంటనే బోల్ట్ తెరవొద్దు. ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది. గొట్టం సేఫ్ వైపు పెట్టి కనీసం అర నిమిషం ఆగండి.

మన ఇంట్లో కనబడితే

ఇక్కడ, మన ఊళ్ళలో ఉన్నవాళ్ళకి చెప్తాను. త్రీనాట్‌త్రీ మన దేశంలో మామూలు పౌరులకి నిషేధించిన బోర్ కింద వస్తుంది. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఏ తుపాకీకైనా లైసెన్స్ ఉండాలి. తుపాకీ రిపేరు చెయ్యడానికి, టెస్ట్ చెయ్యడానికి కూడా లైసెన్స్ కావాలి. కాబట్టి పాత ఇల్లు పడగొట్టేటప్పుడో, అటక సర్దేటప్పుడో తుపాకీ దొరికితే:

ఒకటి, అది లోడై ఉందనే అనుకోండి. ముఖ్యంగా ముందు నుంచి మందు కూరే నాటు తుపాకీ అయితే, ఎప్పుడో కూరిన మందు ఏళ్ళ తరబడి లోపలే ఉండిపోవచ్చు. చూస్తే తెలియదు.

రెండు, ట్రిగ్గర్ నొక్కొద్దు, బోల్ట్ లాగొద్దు, గొట్టంలోకి తొంగి చూడొద్దు, తుప్పు గీకొద్దు. దానితో రీల్ చెయ్యొద్దు. నిజంగా చెయ్యొద్దు.

మూడు, పిల్లల్ని దూరంగా పంపి, గది తలుపు వేసి, దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి చెప్పండి. మీరు పట్టుకుని స్టేషన్‌కి బయల్దేరొద్దు, వాళ్ళనే రమ్మనండి.

నాలుగు, తాతగారి పేరు మీద లైసెన్స్ కాగితాలు ఏమైనా ఉంటే జాగ్రత్త చెయ్యండి. తుపాకీ కంటే ఆ కాగితానికే విలువ ఎక్కువ, దాని చరిత్ర అందులోనే ఉంటుంది.

చింతపల్లి స్టేషన్ రికార్డు పుస్తకంలో రాజు గారు రాసిన లెక్క తుపాకుల కంటే ఎక్కువ కాలం బతికింది. ఆ 26 తుపాకుల ఉక్కు అరిగింది, తూటాలు అయిపోయాయి, రాత మాత్రం మిగిలింది. పాత తుపాకీ మనకి ఇవ్వగలిగింది కూడా ఆ చరిత్రే. దాన్ని చదువుదాం, పేల్చి చూడాల్సిన పని మనకి లేదు.

మీ ఊళ్ళో రంప ఫితూరీ గురించి పెద్దవాళ్ళు చెప్పే మాటలు ఏమైనా ఉంటే కామెంట్లలో రాయండి. అడ్డతీగల, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట వైపు వాళ్ళు తప్పకుండా రాయండి. తుపాకీల ఫోటోలు వద్దు, కథలు చాలు. ఉంటానండి మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.